హనీఫా మేడం చుక్కల దుమ్ము

రామన్నపేటలో హనీఫా మేడం స్కూటీ చప్పుడు వినిపిస్తే చాలు, జనం చీపుర్లు దాచేస్తారు. దుమ్ము ఊడుస్తుంటే ఆవిడ చూడలేరు. కొందరు రక్తం చూడలేరు, కొందరు బల్లిని చూడలేరు. మేడం చీపురు పట్టుకున్న మనిషిని చూడలేరు. కనబడితే బండి ఆపి, ఒక కాలు కింద పెట్టి, "ఆగు బేటా, ఊడ్వకు. ఏం పారబోస్తున్నవో నీకు ఎర్కేనా?" అంటారు.

"దుమ్ము మేడం."

"ఏడిది?"

"గీడిదే మేడం. మా వాకిట్లదే."

"నువ్వు అడిగినవా దాన్ని, ఏడికెళ్లి వచ్చినవని?"

దుమ్మును ఎవరూ అడగరు. మేడంను కూడా ఎవరూ ఎదురు అడగరు. ముప్ఫై ఏళ్లకు పైగా ఆ ఊరి హైస్కూల్లో సైన్సు చెప్పిన మనిషి. ఊళ్లో సగం మంది ఆవిడ దగ్గర చదివినవాళ్లు, మిగతా సగం వాళ్ల తల్లిదండ్రులు. ఆవిడ బజార్లో ఎదురైతే మీసాలు నెరిసిన మనిషి కూడా నోట్లో జర్దా మింగేసి చేతులు కట్టుకుంటాడు. ఆవిడ వెళ్లిపోయాక, ఎందుకు కట్టుకున్నానా అని సిగ్గుపడతాడు.

ఈ పిచ్చి ఆవిడకు పుట్టుకతో వచ్చింది కాదు. 2017 చలికాలంలో పేపర్లో ఒక వార్త చదివారు. మన సూర్యకుటుంబానికి చెందని రాయి ఒకటి, ఎక్కడో వేరే చుక్క దగ్గర పుట్టినది, దారి తప్పినట్టు ఇటు వచ్చి, సూర్యుడి పక్కనుంచి మలుపు తిరిగి వెళ్లిపోతోందట. అలాంటిదాన్ని మనుషులు చూడటం అదే మొదటిసారట. దానికి ఔమువామువా అని హవాయి పేరు పెట్టారు. మేడం ఆ పేరు నల్లబల్ల మీద రాసి పిల్లల చేత పలికించారు. పిల్లలు ఇంటికి వెళ్లి "అవ్వమామ" అని చెప్పారు. ఊళ్లో దాని పేరు ఇప్పటికీ అవ్వమామే.

మేడంకు సంతోషం కంటే బాధే ఎక్కువ కలిగింది. "వచ్చేటప్పుడు ఎవ్వరం చూడలే. పొయ్యేటప్పుడు వీపు చూసినం" అన్నారు స్టాఫ్‌రూంలో, పెళ్లికి పిలిచిన చుట్టాలను భోజనానికి కూర్చోమనడం మరిచిపోయిన ఇంటావిడలా.

ఆ తర్వాత ఇంకో సంగతి తెలిసింది. అంతటి రాళ్లే కాదు, చుక్కల మధ్యనుంచి సన్నని ధూళి కూడా సూర్యకుటుంబంలోకి ఎప్పుడూ వస్తూనే ఉంటుందట. భూమి మీద కూడా పైనుంచి రోజూ టన్నుల కొద్దీ దుమ్ము పడుతుందట. మిద్దెల మీద వెతికినవాళ్లకు అయస్కాంతానికి అంటుకునే గుండ్రని నలుసులు దొరికాయట. అందులో దాదాపు అంతా మన సూర్యుడి చుట్టుపక్కలదే. కోట్లలో ఒక నలుసు బయటిది కావచ్చు. ఆ 'కావచ్చు' మేడంకు సరిపోయింది. పదవీ విరమణ రోజున అందరూ శాలువాలు కప్పితే, ఆవిడ శాలువాలు పక్కన పెట్టి, స్కూలు స్టోర్‌రూంలో పాడైపోయి పడున్న లౌడ్‌స్పీకరు అడిగి తీసుకున్నారు. దాని వెనక ఉన్న అయస్కాంతం ఊడబీకి తాడు కట్టారు. అప్పటి నుంచి చీర మీద తెల్ల ల్యాబ్ కోటు, తలకు దస్తీ, చేతిలో తాడు. మేకను మేపుకొచ్చినట్టు అయస్కాంతాన్ని ఊరి మిద్దెల మీద మేపేవారు.

2019లో రెండోది వచ్చింది. దాన్ని ఒకాయన సొంతంగా తయారు చేసుకున్న దుర్భిణితో కనిపెట్టాడని తెలిసి మేడం బజారంతా జిలేబీ పంచారు.

"ఏం సంగతి మేడం, పెండ్లా?" అన్నాడు పాన్‌డబ్బా మనిషి.

"పెండ్లి గాదు. ఒకాయన చూసిండు."

"పిల్లనా?"

"తోకచుక్కను."

"నచ్చిందంటనా?" అన్నాడతను జిలేబీ కొరుకుతూ.

నిరోషకు ఇవన్నీ తెలుసు. ఆమె కూడా మేడం దగ్గరే చదివి, సైన్సులో అత్తెసరు మార్కులతో గట్టెక్కింది. స్టేషన్ రోడ్డులో ఇంటి ముందుగదిలోనే మిషన్ పెట్టుకుని బ్లౌజులు కుట్టేది. తల్లికి పక్షవాతం వస్తే ఏళ్ల తరబడి ఆమెకు అన్నీ తానే చేసింది. పోయిన ఏడాది ఆ తల్లి పోయింది. ఆ తర్వాత నిరోషకు పొద్దున్నే లేవడానికి కారణం కనబడలేదు. మిషన్ మీద దుప్పటి కప్పింది. గుడ్డలిచ్చినవాళ్లు తలుపు తోసి చూసి, గుడ్డలు తీసుకుని వెళ్లిపోయారు. భర్త సురేశ్ డీసీఎం వ్యాను నడుపుతాడు. ఇంట్లో ఉన్న రోజు "జర అట్ల బయటికి పోయిరారాదు" అనేవాడు. ఎక్కడికో అతనికీ తెలియదు.

ఒక గురువారం స్కూటీ చప్పుడు వాకిట్లో ఆగింది. నిరోష చీపురు దాచలేదు. ఆ ఇంట్లో చీపురు పట్టి అప్పటికే చాలా రోజులైంది.

మేడం గుమ్మంలో నిలబడి ఇల్లంతా కలియజూశారు. మామూలుగా అయితే అలాంటి ఇల్లు ఆవిడకు పండగ. ఆ రోజు మాత్రం దుమ్ము వైపు చూడనే లేదు.

"మీ స్లాబు ఎక్కాలె" అన్నారు.

"ఎందుకు మేడం?"

"తలుపు వెయ్యి, చెప్త." తలుపు వేశాక గొంతు తగ్గించారు. "ఊరంత తిరిగి చూసిన. మీ స్లాబు వాలు ఎట్లున్నదంటే, వాన పడితే కొట్టుకొచ్చిందంతా ఒక్క మూలకే చేరుతది. గసుంటి గుండ్రటి నలుసులే రాల్చే వెల్డింగ్ షాపు పక్కన లేదు, మిల్లు పొగ లేదు. బయటి చుక్కలకెళ్లి వచ్చిన నలుసు ఈ ఊర్ల దొరికితే నీ ఇంటి మీదనే దొరకొచ్చు. ఒక్క నీ స్లాబే. ఎవ్వరికీ చెప్పకు."

"మా ఆయనకు గూడనా?"

"మీ ఆయన డ్రైవరు. నార్కట్‌పల్లి దాటకముందే రాష్ట్రమంత చెప్తడు."

నిరోష మెట్లెక్కింది. చాలా రోజుల తర్వాత ఎండ నేరుగా ముఖాన పడి కళ్లు చికిలించింది. మేడం ప్లాస్టిక్ కవరు చుట్టిన అయస్కాంతాన్ని నీళ్లు పోయే తూము దగ్గర అటూ ఇటూ లాగారు. నల్లటి ఇసుకలాంటిది కవరుకు అంటుకుంది. ఆవిడ దాన్ని దులపబోయి ఆగారు.

"కవరు చినుగుతున్నది. గుడ్డ సంచి ఉంటే నయముండు. చిన్నది. నువ్వు కుడ్తవు గదా."

"మిషన్ బంద్ చేసిన మేడం."

"బంద్ చేసినదాన్ని మళ్ల తెరువొచ్చు. అదేమన్న కోర్టు సీలా?"

పావుగంట పని. నిరోష దుప్పటి తీసి, మిగిలిన లైనింగ్ గుడ్డతో సంచి కుట్టి ఇచ్చింది. మేడం దాన్ని వెలుగుకు పట్టి చూసి, "కుట్టు వంకర పోయింది. వచ్చే గురువారానికి ఇంకోటి కుట్టు" అని చెప్పి, వంకరది కూడా కోటు జేబులో వేసుకుని వెళ్లిపోయారు.

మరుసటి గురువారం సంచి వదులైందన్నారు. ఆ తర్వాతి గురువారం రంగు బాగాలేదన్నారు.

"అయస్కాంతానికి రంగుతోటి ఏం పని మేడం?"

"సైన్సు నువ్వు చెప్పినవా, నేను చెప్పిననా?"

నిరోష పంతానికి పోయింది. ఈ మేడం చేత ఒక్కసారి "బాగున్నది" అనిపించాలని రోజూ మిషన్ ముందు కూర్చుంది. మిషన్ చప్పుడు విని గుడ్డలు తీసుకెళ్లినవాళ్లు ఒక్కొక్కరే తిరిగి తెచ్చారు. సంచి మాత్రం పాస్ కాలేదు.

నిరోష తన మిద్దెను కంటికి రెప్పలా చూసుకునేది. సురేశ్ బనియన్లు కూడా అక్కడ ఆరేయనిచ్చేది కాదు. దూది పోగులు రాలి శాంపిలు పాడవుతుందని. "ఏమైందే స్లాబుకు?" అని అతనడిగితే "స్లాబుకేమైతది" అనేది. పెళ్లాం లేచి తిరుగుతోంది కదా అని అతను బనియన్లు వ్యాను అద్దానికి ఆరేసుకున్నాడు.

అలా మిద్దె మీద కాపలా ఉన్నప్పుడే ఆమె ఊళ్లో మిగతావాళ్ల సంగతి గమనించింది. వీధి చివర పెద్దులు ఉంటాడు. రైస్‌మిల్లులో వాచ్‌మన్‌గా ఉండేవాడు. మిల్లు మూతపడ్డాక అరుగు మీద కూర్చుని పోయేవాళ్లనూ వచ్చేవాళ్లనూ తిట్టడమే పనిగా పెట్టుకున్నాడు. ఇప్పుడు పాత ఖాకీ చొక్కా తొడిగి, కర్ర పట్టుకుని, తన మిద్దె మీద అటు నుంచి ఇటు నడుస్తున్నాడు. పావురం వాలితే విజిల్ ఊదుతున్నాడు. ఇంకో పక్క శ్యామలమ్మ. స్టేషన్ దగ్గర ఆమెకు ఇడ్లీ బండి ఉండేది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ జాగా పోయి, ఇంట్లోంచి బయటికి రావడమే మానేసింది. ఆమె తన మిద్దె మూలకు పాత చీర కప్పి, కాకులను కసురుతోంది. ఎదురు సందులో దివాకర్. ఉద్యోగ పరీక్షల కోసం ఏళ్లపాటు హైదరాబాదులో చదివి, ఏదీ రాక, తిరిగొచ్చి గదిలో తలుపేసుకున్న పిల్లవాడు. అతను గొడుగు వేసుకుని భూతద్దంతో గచ్చు చూస్తున్నాడు.

పాపం, ఊళ్లో ఇంతమందికి తల చెడింది అనుకుంది నిరోష. సరైన కారణంతో మిద్దె మీద నిలబడ్డ మనిషి తానొక్కతే అని కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

2025 జూలైలో మూడోది వచ్చిందని టీవీలో చెప్పారు. దాని పేరు అట్లాస్. కొన్ని చానళ్లవాళ్లు అది రాయి కాదు, అందులో గ్రహాంతరవాసులు ఉన్నారన్నారు. మేడంకు ఒళ్లు మండింది. "రాయి గంత దూరంకెళ్లి వచ్చిందంటే సాల్తలేదు వీళ్లకు. అండ్ల మనుషులు గూడ గావాలె" అన్నారు నిరోష వాకిట్లో బండి నిలబెట్టి. అటుగా పోతున్న పెద్దులు ఆగాడు.

"టీచరమ్మా, అవ్వమామ మళ్ల వచ్చిందట గదా."

"అది గాదు పెద్దులన్నా. ఇది వేరేది."

"మన దగ్గర ఆగుతదా?"

"ఆగదు."

"మరి ఏడ ఆగుతది?"

"ఏడా ఆగదు. సూర్యుని పక్కనుంచి తిరిగి, వచ్చినట్టే పోతది. మళ్ల రాదు."

"ఎక్స్‌ప్రెస్సు" అన్నాడు పెద్దులు మొహం ముడుచుకుని. రామన్నపేట స్టేషన్లో ఆగని బండ్లంటే అతనికి ముందు నుంచీ గౌరవం లేదు. కాసేపాగి, "దాని దుమ్మన్న రాల్తదా మన స్లాబుల మీద?" అన్నాడు. అనేసి, నిరోష వైపు చూసి, ఎందుకో గట్టిగా దగ్గాడు.

"రాలదు. చానా దూరంకెళ్లి పోతది. సైన్సుల అబద్ధం చెప్పొద్దు పెద్దులన్నా" అన్నారు మేడం.

అక్టోబరు చివరికి అట్లాస్ సూర్యుడి అవతలికి పోయి భూమికి కనబడకుండా అయింది. సరిగ్గా ఆ రోజుల్లోనే మేడం కూడా ఊరికి కనబడలేదు. నిరోష గురువారమంతా ఎదురుచూసింది. స్కూటీ రాలేదు. సంగతి తర్వాత తెలిసింది. ఊరందరినీ ఊడ్వనివ్వని మనిషి, తన వాకిలి మాత్రం రోజూ బకెట్లతో కడుగుతారట. ఆ తడి బండల మీదే జారి కాలు విరగ్గొట్టుకున్నారు. నల్లగొండ దవాఖానలో సిమెంటు కట్టు వేసి, శనివారం ఇంటికి పంపారు. నార్కట్‌పల్లిలో టైర్ల షాపు నడిపే తమ్ముడు మెహమూద్ వెంట ఉన్నాడు.

ఆదివారం పొద్దున్నే నిరోష డబ్బా తీసుకుని బయల్దేరింది. అందులో మిద్దె మూలనుంచి తీసిన పది రోజుల దుమ్ము ఉంది. ఆలస్యమైతే దానికేమవుతుందో తెలియదు, కానీ మంచిది కాదనిపించింది. డబ్బాను సంచిలో పెట్టి కొంగు కింద దాచుకుంది. మేడం వరండా ఎక్కేసరికి అక్కడ పెద్దులు నిలబడి ఉన్నాడు. భుజం మీది తువ్వాలు కింద ఏదో పొడుచుకొచ్చినట్టుంది.

"ఏంది తాతా అది?"

"తొక్కు. మామిడికాయ తొక్కు, టీచరమ్మకు." అతను ఆమె కొంగు చూశాడు. "నీదేందే?"

"బ్లౌజు."

"బ్లౌజుకు మూత ఎందుకున్నది?"

"మడత పడొద్దని."

అంతలో శ్యామలమ్మ వచ్చింది. ఇడ్లీ పిండి తెచ్చానంది. ఆమె నడుస్తుంటే ఆ పిండి గలగలమంది. ఆమె వెనకే దివాకర్ వచ్చి, ఎవరూ అడగకముందే "టానిక్" అన్నాడు. నలుగురూ వరండాలో నిలబడి, ఎవరి డబ్బా వాళ్లు గుండెకు హత్తుకుని, మిగతావాళ్లు ఎప్పుడు వెళ్లిపోతారా అని చూశారు.

లోపల్నుంచి మెహమూద్ వచ్చాడు. మర్యాద తెలిసిన మనిషి. "తొక్కు తెచ్చినవా చాచా, ఇటియ్యి" అని పెద్దులు చేతిలోని సంచిలోంచి డబ్బా లాక్కుని, మూత తీసి, వేలు పెట్టి నాలుక మీద రాసుకున్నాడు. అతని మొహం మారింది.

"ఇది మన్ను" అన్నాడు.

"ఉమ్మకు" అన్నాడు పెద్దులు. "ఏడబడితే ఆడ ఉమ్మకు బిడ్డా. దాంట్ల ఏమున్నదో నీకెర్క లేదు."

శ్యామలమ్మ అతని వైపు తిరిగింది. "నీకెట్ల ఎర్క?"

"నాకెర్క. ఊర్ల నా ఒక్కని స్లాబు మీదనే పడ్తది అది. టీచరమ్మ చెప్పింది."

"నీ స్లాబా? నా స్లాబని చెప్పింది నాకు. వాలు బాగున్నదని."

"వెల్డింగ్ షాపు లేదని?" అన్నాడు దివాకర్ నీరసంగా.

నిరోష వాళ్ల చేతుల్లోని సంచులు చూస్తోంది. పెద్దులు చేతిలో మిగిలిన సంచికి కుట్టు వంకర పోయింది. శ్యామలమ్మది వదులుగా వేలాడుతోంది. దివాకర్ సంచి ముదురు గులాబీ రంగులో ఉంది. ఆ రంగు నిజంగానే బాగాలేదు.

నలుగురూ కలిసి లోపలికి వెళ్లారు. మేడం మంచం మీద కట్టు వేసిన కాలు దిండు మీద పెట్టుకుని పడుకుని ఉన్నారు. ఆవిడ వరసగా నాలుగు డబ్బాలు చూశారు. జవాబు దొరకనప్పుడు టీచర్లు చేసే పనే చేశారు.

"అందరు ఒక్కసారి ఎందుకొచ్చిన్రు?" అని గద్దించారు. "ఒక్కొక్కరికి ఒక్కో రోజు చెప్పిన గదా."

"నా శాంపిలు ఏది మేడం?" అన్నాడు దివాకర్.

మేడం కళ్లతోనే గూడు వైపు చూపించారు. అందులో ఒకే ఒక సీసా ఉంది. అడుగున నల్లటి నలుసులు. దివాకర్ దాన్ని తిప్పి తిప్పి చూశాడు.

"అందరిది ఒక్కదాంట్లనే కలిపిన్రా? లేబుల్ గూడ లేదు. తొమ్మిదో తరగతిల లేబుల్ రాయలేదని నా ప్రయోగం మొత్తం పారబోయించిన్రు మీరు."

"మరి అయస్కాంతానికి అంటని మన్ను?" అన్నాడు పెద్దులు.

"గులాబీ కుండీలల్ల పోసిన" అన్నారు మేడం చిన్నగా.

కిటికీ అవతల గులాబీలు విరగబూసి ఉన్నాయి. పెద్దులు వాటిని చాలాసేపు చూశాడు. ఏడాది పొడుగునా కర్ర పట్టుకుని తాను కాపలా కాసింది అదా అన్నట్టు.

"చిన్నపిల్లలను చేసినట్టు మోసం చేసినవు ఆపా వీళ్లను" అన్నాడు మెహమూద్ నోరు కడుక్కుని వచ్చి, అక్కతో.

"మోసమేంది? నలుసు ఉండొచ్చు అన్న. ఉన్నదని ఎన్నడన్న అన్ననా? అది ఎవరి స్లాబు మీదనన్న ఉండొచ్చు."

"ఒక్క మాదే అన్నరు గదా" అన్నాడు దివాకర్.

మేడం పైకప్పు వైపు చూశారు. "అది సైన్సు గాదు" అన్నారు. "అది వేరే."

శ్యామలమ్మ మంచం పక్కన కింద కూలబడింది. "పరిగడుపున స్లాబు ఎక్కితే కండ్లు తిరుగుతున్నయి, రెండు ఇడ్లీలు వెయ్యి శ్యామలా అన్నది టీచరమ్మ" అంది తనలో తాను చెప్పుకుంటున్నట్టు. "రెండు ఇడ్లీలకు ఎవలన్న పిండి రుబ్బుతరా? ఎక్కువనే రుబ్బితి. మిగిలినయి పక్కింటోళ్లకు ఇస్తి. ఇప్పుడు పొద్దుగాల మా వాకిట్ల గిన్నెలు పట్టుకొని నిలబడ్తున్నరు జనం."

"నాకు ఇంగ్లీషు పేపర్లు మేడమే పంపేవాళ్లు" అన్నాడు దివాకర్. "అర్థమైతలేదు, చదివి తెలుగుల చెప్పు అని. నేను చెప్తుంటే పక్కింటి పిల్లలు గూడ ఎక్కొచ్చిన్రు. మేడం, మీకు ఇంగ్లీషు రాకపోవుడేంది?"

"నా అద్దాలు బాగలేవు" అన్నారు మేడం.

"నాకు విజిల్ కొనిచ్చినవు గదా" అన్నాడు పెద్దులు. "పావురాలు అయస్కాంతానికి అంటయా?"

నిరోషకు, తలుపు వేయించి మేడం గొంతు తగ్గించిన ఆ గురువారం కళ్ల ముందు కదిలింది. తన ఇంట్లో ఆవిడ ఒక్కసారి కూడా "బాధపడకు" అనలేదు. కుట్టు వంకర పోయిందని మాత్రమే అన్నారు.

మెహమూద్ గొంతు సవరించుకున్నాడు. "సరే, అయిపోయింది గదా. సాయంత్రం ట్రాలీ వస్తది. ఆపాను నేను నార్కట్‌పల్లికి తీస్కపోతున్న. ఇగ ఒక్కతె ఉండుడు బంద్. మీరు మీ స్లాబులు ఊడ్చుకోవచ్చు."

అప్పుడు చూశారు వాళ్లు, మూలన మూటలు కట్టి ఉన్నాయి. తెల్ల కోటు మడతపెట్టి పైమూటలో ఉంది. మేడం తమ్ముడితో వాదించే ఓపిక లేనట్టు కళ్లు మూసుకున్నారు.

పెద్దులు బయటికి వెళ్లాడు. పెరటి మెట్లు ఎక్కిన చప్పుడు వినిపించింది. కాసేపటికి ఆయాసపడుతూ దిగొచ్చాడు.

"చూసిన" అన్నాడు.

"ఏం చూసినవ్ చాచా?" అన్నాడు మెహమూద్.

"ఈ ఇంటి స్లాబు. టీచరమ్మ ఊరోళ్ల స్లాబులన్ని తిరిగింది గని సొంతది సక్కగ చూసుకోలే. అసలుది గీడనే ఉన్నది. నీళ్లన్ని ఒక్క మూలకే వస్తున్నయి."

శ్యామలమ్మకు వెంటనే అర్థమైంది. "నేను అప్పుడే అనుకున్న" అంది.

"పక్కన వెల్డింగ్ షాపు గూడ లేదు" అన్నాడు దివాకర్.

మెహమూద్ కిటికీలోంచి చూశాడు. గోడ అవతలే వెల్డింగ్ షాపు ఉంది. బోర్డు కూడా పెద్దదే. "మరి గదేంది?"

"ఆదివారం బంద్" అన్నాడు దివాకర్. "మిగతా రోజులల్ల వేరే పద్ధతి ఉన్నది. ఇంగ్లీషుల ఉన్నది, నీకు తర్వాత చెప్త."

"గందుకని మేడం ఈడ లేకపోతే నడవదు" అంది నిరోష. తన గొంతు తనకే మేడం గొంతులా వినిపించింది. "పైనుంచి తెచ్చింది తెచ్చినట్టు చూడాలె గదా ఎవరన్న. మేం రోజుకొకరం వస్తం. వచ్చినోళ్లు అన్నం వండుతరు, ఇల్లు చూస్తరు. అది మా పని. సైన్సు పని."

"పొద్దుటి పూట నాది" అంది శ్యామలమ్మ.

"రాత్రి కాపలా నాది" అన్నాడు పెద్దులు. "వరండల పండుకుంట. నాకు అలవాటే."

మెహమూద్ టైర్లు అమ్మే మనిషి. అతుకు ఎక్కడ వేశారో చూడగానే తెలుస్తుంది అతనికి. నలుగురి మొహాలూ చూసి, చివరికి అక్క మొహం చూశాడు. మేడం కళ్లు మూసుకునే ఉన్నారు. కానీ పెదవులు బిగించి, తరగతిలో పిల్లలు చేసిన అల్లరికి నవ్వు ఆపుకునే టీచరు మొహం పెట్టారు.

"నువ్వేమంటవు ఆపా?"

"సైన్సుకు అడ్డం రావద్దు మెహమూద్" అన్నారు మేడం కళ్లు తెరవకుండానే.

మెహమూద్ ట్రాలీ మనిషికి ఫోన్ చేసి రావద్దని చెప్పాడు. తర్వాత శ్యామలమ్మను, నిజంగా ఇడ్లీ పిండి ఉందా లేక అదీ మన్నేనా అని అడిగాడు. ఇంట్లో ఉందంటే, వెళ్లి తెచ్చుకుందాం పదమని తనే బండి తీశాడు.

నవంబరులో ఒక గురువారం నిరోష మేడం ఇంట్లో అన్నం వండి, మంచం పక్కన కూర్చుని, కొత్త సంచికి అంచు కుడుతోంది. అట్లాస్ సూర్యుడి అవతలినుంచి బయటపడి, మళ్లీ దుర్భిణులకు కనబడుతోందట. వచ్చిన దారి వైపు కాకుండా ఇంకో వైపు పోతోందట. మేడం ఆ వార్త దివాకర్ చేత చదివించుకున్నారు. అద్దాలు ఇంకా బాగు కాలేదు మరి.

"మేడం, ఒకటి అడగనా?" అంది నిరోష. "ఇన్నేండ్లల్ల నిజంగ ఒక్క నలుసన్న దొరికిందా?"

"ఒక్కటి దొరికిందనుకున్న. మస్తు గుండ్రంగుండె, నల్లగ, మెరుస్తుండె. వారం రోజులు నిద్ర పట్టలే నాకు. హైదరాబాద్ల తెలిసినాయనకు చూపిచ్చిన."

"ఏమన్నడు?"

"మీ ఇంటి పక్కన వెల్డింగ్ షాపు ఉన్నదా అన్నడు."

నిరోష నవ్వింది. మేడం కూడా నవ్వి, సంచిని అందుకుని వెలుగుకు పట్టి చూశారు. అటు తిప్పారు, ఇటు తిప్పారు. ఏదో అనబోయి, మళ్లీ మానుకుని, "జర పొడుగైంది" అన్నారు.

ఇంతలో పైన దబదబా నడిచిన చప్పుడయింది. పెద్దులు గొంతు లేచింది. ఆ రోజు తన వంతని అంటున్నాడు. దివాకర్ కాదని అంటున్నాడు. నిన్న కూడా నువ్వే ఎక్కావని ఒకరు, నిన్న బుధవారమని ఒకరు. గొంతులు పెద్దవయ్యాయి. నిరోష సూది పక్కన పెట్టి లేచింది.

"ఆగున్రి మేడం, పోయి సర్ది చెప్పి వస్త."

"కూసో" అన్నారు మేడం. "ఏం సర్దకు. ఆ పిల్లగాడు గంత గట్టిగ మాట్లాడుడు నేను తొమ్మిదో తరగతి తర్వాత ఇప్పుడే విన్న."

ఆవిడ దిండు సరిచేసుకుని, పైన జరుగుతున్న ఆ తగువును రేడియోలో పాత పాట వచ్చినట్టు హాయిగా విన్నారు.